గుర్రాల ఫొటోగ్రఫీ సొంతంగా నేర్చుకోవచ్చా? లాయాల్లో 18 ఏళ్లు తిరిగినవాడి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా మీరు చెప్పింది ఇదీ: వయసు 27, ఉద్యోగం ఉంది, చేతిలో 24 మెగాపిక్సెల్ కెమెరా, దానితో వచ్చిన 18-55 లెన్స్, తర్వాత కొన్న 55-250 ఉన్నాయి. నల్లటి నేపథ్యంలో గుర్రం తల ఒక్కటే మెరిసే విదేశీ ఫొటోలు చూసి మనసు పారేసుకున్నారు. కోర్సు చేయకుండా నేర్చుకోవచ్చా, ఏ లెన్స్ కొనాలి, ఆ నలుపు ఫొటోషాప్‌లో చేస్తారా, దీనిమీద బతకొచ్చా అని నాలుగు ప్రశ్నలు. మీరు తీసిన మూడు ఫొటోలు కూడా పెట్టారు.

చివరి ప్రశ్నకు ముందే చెప్పేస్తాను. మొదటి నాలుగైదేళ్లు దీనిమీద బతకలేరు. ఉద్యోగం మానకండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

నేనూ ఎక్కడా నేర్చుకోలేదు. హైదరాబాద్‌లో పెళ్లిళ్ల ఫొటోలు తీసేవాణ్ని. బరాత్‌లో అందరి కళ్లూ పెళ్లికొడుకు మీద ఉంటే నాకు మాత్రం బ్యాండు మోతలో, టపాసుల పొగలో, చుట్టూ డాన్సులు చేసే కుర్రాళ్ల మధ్య అంత ఓపిగ్గా నిలబడ్డ తెల్ల ఆడగుర్రమే కనిపించేది. ఒక పెళ్లి ఆల్బంలో పెళ్లికొడుకు మొహం కంటే గుర్రం కన్నే షార్ప్‌గా వచ్చిన ఫొటోలు ఎక్కువున్నాయని ఆ ఇంటివాళ్లు గొడవ పెట్టుకున్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఆ వారమే గుర్రం యజమానిని వెతుక్కుంటూ పాతబస్తీకి వెళ్లాను. ఆయన్ని అందరూ చాచా అనేవాళ్లు. ఆయన జన్మలో కెమెరా పట్టుకోలేదు. నాకు గురువంటూ ఉంటే ఆయనే.

మీ మొదటి ఫొటోతో మొదలుపెడదాం. ఎదురుగా నిలబడి 18 దగ్గర, అంటే లెన్స్ అన్నిటికంటే వెడల్పుగా చూసే చోట తీశారు. తల గంగాళమంత, వెనక భాగం మేకపిల్లంత వచ్చాయి. లెన్స్ మంచిది కాదేమో అని రాశారు. లెన్స్‌కేం పాపం తెలియదు, తప్పంతా మీరు నిలబడిన చోటుది. లెక్క వేసి చూడండి. ముక్కు నుంచి తోక మొదలు దాకా గుర్రం సుమారు ఎనిమిది అడుగులు. మీరు ముక్కుకు నాలుగు అడుగుల దూరంలో ఉంటే తోక మీకు పన్నెండు అడుగుల దూరంలో ఉన్నట్టు, అంటే మూడు రెట్లు. అందుకే తల మూడింతలు పెద్దదిగా కనిపిస్తుంది. అదే ముప్పై అడుగులు వెనక్కి జరిగితే ముక్కు ముప్పై, తోక ముప్పై ఎనిమిది. తేడా పావు వంతు చిల్లర. ఇక ఆకారం చెడదు. మీ 55-250ని 135 దాటించి, అంటే దూరంలోది దగ్గరగా లాగేలా వాడండి, కాళ్లతో వెనక్కి నడవండి. కొత్త లెన్స్ ఇప్పుడేమీ కొనక్కర్లేదు. ఏడాది తర్వాత కూడా కోరిక తగ్గకపోతే లాయం లోపలి చీకటికి ఒక 85, ఎఫ్ 1.8 లెన్స్ (తక్కువ వెలుగులోనూ పనిచేసేది) తీసుకోండి, సెకండ్ హ్యాండ్‌దైనా చాలు. 70-200 పెద్ద లెన్స్ సంగతి ఎవరైనా డబ్బులిచ్చి పని చెప్పినప్పుడు చూసుకోవచ్చు.

రెండో ఫొటోలో కాళ్లు పొట్టిగా వచ్చాయి. మన ఎత్తులో నిలబడి తీస్తే ఎవరికైనా అంతే. కెమెరా గుర్రం ఛాతీ కింది ఎత్తుకి, అంటే జీను బిగించే పట్టీ పొట్టకు తగిలే చోటుకి దిగాలి. మోకాళ్ల మీద కూర్చోండి, పేడ అంటుతుంది, ఏం కాదు. పక్క నుంచి నిండు ఆకారం తీస్తున్నప్పుడు నాలుగు కాళ్లూ కనిపించాలి. మీ వైపున్న ముందు కాలు నిటారుగా, మీ వైపున్న వెనక కాలు కాస్త వెనక్కి, అవతలి కాళ్లు రెండూ ఆ మధ్యలో ఉండేలా నిలబెట్టమనండి. ఒక కాలి వెనక ఒకటి దాక్కుంటే మూడు కాళ్ల గుర్రం అవుతుంది. గుర్రాలు పెంచేవాళ్లు ఫొటోలో మొట్టమొదట చూసేది కాళ్లే. మీ వెలుగునీడలన్నీ ఆ తర్వాతే.

ఇక అసలు విషయం. కెమెరా వాడటం మూడు నెలల్లో వస్తుంది. గుర్రం అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

చాచా దగ్గరికి కెమెరాతో వెళ్లిన మొదటిరోజు ఆయన దాన్ని తీసి దాణా డబ్బా మీద పెట్టేశాడు. "ముందు నీ వాసన దానికి తెలియనీ" అన్నాడు. నెలన్నర పాటు ప్రతి ఆదివారం వెళ్లి ఉలవలు నానబెట్టడం, గడ్డి విదిలించడం, బ్రష్‌తో ఒళ్లు తోమడం, ఇదే పని. తోమినప్పుడే ఎముక ఎక్కడుందో, కండ ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలిసింది. చేతికి తెలిసింది కాబట్టే తర్వాత వెలుగు ఎక్కడ పడితే ఆ కండ లేచి కనిపిస్తుందో కంటికి తెలిసింది.

ఇంగ్లండ్‌లో జార్జ్ స్టబ్స్ అని 18వ శతాబ్దపు చిత్రకారుడున్నాడు. దాదాపు అంతా సొంతంగా నేర్చుకున్నవాడే. 1750ల చివర్లో లింకన్‌షైర్‌లోని హోర్క్‌స్టో అనే పల్లెలో ఏడాదిన్నర పాటు చచ్చిన గుర్రాలను పొర పొరగా కోసి, ప్రతి కండనూ గీసుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత 1762 ప్రాంతంలో విజిల్‌జాకెట్ అనే రేసు గుర్రం బొమ్మ వేశాడు. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాదాపు పదడుగుల ఎత్తు. వెనక చెట్టు లేదు, ఆకాశం లేదు, రౌతు లేడు, జీను కూడా లేదు. ఖాళీ నేపథ్యంలో ఒక్క గుర్రం. మీకు నచ్చిన ఆ నల్ల నేపథ్యం ఫొటోలకు ఈ బొమ్మను తాత అనుకోవచ్చు. వెనక ఏమీ లేకపోయినా బొమ్మ నిలబడిందంటే కారణం ఆ ఏడాదిన్నరే. మిమ్మల్ని ఎవరూ గుర్రాన్ని కొయ్యమనడం లేదు, తోమమంటున్నాను.

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. కదలకుండానే చుట్టూ దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది. కనిపించనివి రెండే చోట్లు: నుదుటికి సూటిగా ఎదుట కొంచెం, తోక వెనక కొంచెం. మీరేమో మొదటి ఫొటో కోసం సరిగ్గా ఆ ఎదుటి చోట, నాలుగు అడుగుల్లో నిలబడ్డారు. అది తల ఎత్తి బిగుసుకున్నది అందుకే. ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ, తిన్నగా కాకుండా కాస్త ఏటవాలుగా వెళ్లండి. మన దగ్గర జీను వేయడం, ఎక్కడం, పట్టుకు నడవడం అన్నీ ఎడమ వైపు నుంచే అలవాటు చేస్తారు కాబట్టి దానికీ అదే తెలుసు. వెనక నుంచి ఎప్పుడూ వెళ్లొద్దు. ట్రైపాడ్ లాయంలోకి తేవొద్దు. మూడు కాళ్లవల్ల ఆరు కాళ్లకు ప్రమాదం.

చెవులు చూడటం నేర్చుకోండి. రెండూ ముందుకు నిక్కితే దేన్నో గమనిస్తోంది. పక్కలకు వాలితే తీరుబడిగా ఉంది. వెనక్కి మెడకు అంటుకుపోతే కోపం, మీరు రెండడుగులు వెనక్కి. ఒక వెనక కాలు వదులుగా గిట్ట కొన మీద ఆనించి ఉంటే విశ్రాంతి. కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంటే, తోక విసురుగా కొట్టుకుంటుంటే ఫొటో మానేయండి. చెవులు ముందుకు రావడానికి అందరూ చేసే పని చిప్స్ ప్యాకెట్ నలపడం, ఉలవల డబ్బా ఆడించడం, ఫోన్‌లో సకిలింపు వినిపించడం. సకిలింపు రెండుసార్లు పనిచేస్తుంది. మూడోసారి "వీడి బతుకింతే" అన్నట్టు చూస్తుంది. డబ్బా ఆడిస్తే మాత్రం ఫొటో అయ్యాక పిడికెడైనా పెట్టండి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు వేళాకోళానికి అన్నా, అది లెక్క మాత్రం మరిచిపోదు.

అయితే చెవులు నిక్కిన ఫొటోయే గొప్పదనుకోకండి. యజమానులకు అదే కావాలి, అమ్ముడయ్యేదీ అదే. నా గోడ మీద నేను పెట్టుకున్న ఫొటోలో మాత్రం బరాత్ ముగించుకుని అర్ధరాత్రి లాయానికి చేరిన గుర్రం ఉంది. చెవులు వాలిపోయి, కింది పెదవి వేలాడుతూ, జూలులో ఇంకా చమ్కీలు మెరుస్తూ.

ఇప్పుడు నలుపు సంగతి. ఫొటోషాప్‌లో తెచ్చేవాళ్లు ఉన్నారు. జూలు అంచుల్లో వెంట్రుకలు కత్తిరించినట్టు ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. అసలు పద్ధతిలో ఖర్చేమీ లేదు. బయట ఎండ, లోపల చీకటి ఉన్న ఏ షెడ్డయినా సరే. గుర్రాన్ని గుమ్మం దగ్గర, ఎండ గీత ఆగిపోయే చోటుకి ఒకడుగు లోపల నిలబెట్టాలి. దాని వెనక కనీసం పదిహేను ఇరవై అడుగుల ఖాళీ చీకటి ఉండాలి. లోపలి బల్బులు ఆపండి, వెనక కిటికీ ఉంటే గోనెపట్టా కట్టండి. మీరు బయట నిలబడి లోపలికి తీస్తారు. గుర్రం మీద పడే వెలుగుకు సరిపోయేలా ఎక్స్‌పోజర్ పెడితే వెనకున్నదంతా దానంతటదే నల్లబడిపోతుంది.

దీనికి ఉదయం, సాయంత్రం వెలుగే కావాలని అంటారు. మన ఎండలకు మిట్టమధ్యాహ్నమే మేలని నా అనుభవం. బయట నేల మీద పడ్డ ఎండ వెనక్కి తన్ని, లాయం లోపలికి కింద నుంచి మెత్తటి వెలుగు తోస్తుంది. ఎర్రమట్టి నేలైతే ఎర్ర గుర్రానికి ఒక బంగారు ఛాయ వస్తుంది. ఏ స్టూడియోలోనూ అది కొనలేరు. సిమెంటు గచ్చయితే వెలుగు చల్లగా వస్తుంది, నల్ల గుర్రానికి అదే బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పన్నెండు దాటాక అందరూ కెమెరా సంచిలో పెట్టేసే వేళలోనే నేను లాయాల్లో ఎక్కువ పని చేశాను. గుర్రాలు కూడా ఆ వేళకి మేత తిని కునుకు తీస్తుంటాయి కాబట్టి కదలవు.

కెమెరా మీటరు లోకాన్నంతా మధ్యస్థం బూడిద రంగులో చూడాలనుకుంటుంది. నల్ల గుర్రాన్ని చూపిస్తే బూడిద గుర్రం చేసిపెడుతుంది, కాబట్టి ఒకటి నుంచి ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించండి. ఫ్రేమ్ నిండా తెల్ల గుర్రమైతే ముప్పావు నుంచి ఒకటి పెంచాలి, కాని ముక్కు దూలం మీద వెలుగు పూర్తిగా తెల్లబడి పోకుండా హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పాళ్లు చూపే గ్రాఫ్) చూసుకోండి. పెళ్లిళ్లకు ఇష్టపడే నుక్రా గుర్రాలకు తెల్ల వెంట్రుకల కింద గులాబీ చర్మం ఉంటుంది. మూతి దగ్గర ఆ రంగు నిలిస్తేనే గుర్రం ప్రాణంతో ఉన్నట్టుంటుంది. లేకపోతే సున్నం కొట్టిన బొమ్మే. ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, విషయంలో ఒకటే మాట. 1.8 ఉంది కదా అని 1.8లో తియ్యొద్దు, ముక్కు, కన్ను రెండూ స్పష్టంగా రావు. మనిషి మొహం కాదిది, ముక్కుకూ కంటికీ మధ్య సుమారు అడుగు దూరం ఉంటుంది. ఎఫ్ 4, 5.6 మధ్య ఉండండి, దగ్గరి కంటి మీద ఫోకస్ పెట్టండి. చెవులు, పెదాలు ఊరికే ఉండవు కాబట్టి నిలబడి ఉన్నా షటర్ 1/250 కంటే తగ్గించకండి. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 పెట్టడానికి భయపడకండి. ప్రింటులో ఆ గ్రెయిన్, అంటే సన్నటి చుక్కలు, ఎవరూ చూడరు, కదిలిన కన్ను మాత్రం అందరూ చూస్తారు.

పరుగు ఫొటోల గురించి మీరు అడగలేదు గాని అడుగుతారు, ఎప్పటికైనా అడుగుతారు. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయా అన్నది ఒకప్పుడు పెద్ద వాదం. చిత్రకారులు ముందు కాళ్లు ముందుకి, వెనక కాళ్లు వెనక్కి చాపి, ఎగురుతున్నట్టు వేసేవాళ్లు. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 12 కెమెరాలు వరుసగా పెట్టి, గుర్రం పరిగెత్తే దారిలో తీగలు కట్టి, అవి తెగుతుంటే ఒక్కొక్క షటరూ పడేలా చేసి తీశాడు. కాళ్లు గాల్లో ఉండేది నిజమే. కాని చాచినప్పుడు కాదు, నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. అన్ని వందల ఏళ్లు అంతమంది చూసి కూడా తప్పు గీశారు. అందుకని మీ కన్నుని నమ్మకండి, చెవిని నమ్మండి.

నడకలో నాలుగు దెబ్బలు వినిపిస్తాయి. ట్రాట్‌లో (చిన్న పరుగులో) ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడతాయి కాబట్టి టక్, టక్ అని రెండే. క్యాంటర్‌లో, అంటే ట్రాట్‌కూ దౌడుకూ మధ్య పరుగులో, మూడు: మొదట ఒక వెనక కాలు, తర్వాత ఒక జంట, చివర ఒక ముందు కాలు, ఆపైన క్షణం నిశ్శబ్దం. ఆ మూడో దెబ్బ మీద నొక్కితే గుర్రం ముందుకు బోర్లా పడుతున్నట్టు వస్తుంది. మొదటి రెండు దెబ్బల మధ్య నొక్కితే ఛాతీ పైకి లేచి రాజసంగా ఉంటుంది. ఇప్పటి కెమెరాలు సెకనుకు ఇరవై ఫ్రేములు తీస్తాయి కదా అంటారు. నిజమే, ఇరవైలో ఒకటి దొరుకుతుంది. కాని లయ తెలియకపోతే ఆ ఒకటి ఏదో ఏరుకోవడం కూడా తెలియదు. సంగీతం వచ్చినవాళ్లు దీన్ని త్వరగా పట్టుకుంటారు. నాకు రాదు, అందుకే ఆలస్యమైంది. దౌడుకు 1/1600 పైన పెట్టండి. అప్పుడప్పుడు 1/30కి దించి, గుర్రంతోపాటే కెమెరా తిప్పుతూ తీయండి. వందలో తొంభై అయిదు చెత్త వస్తాయి. మిగిలిన అయిదింటిలో కాళ్లు కరిగిపోయి, కన్ను ఒక్కటే నిలబడితే పండగే. ఎలక్ట్రానిక్ షటర్‌తో మాత్రం జాగ్రత్త. కొన్ని కెమెరాల్లో వేగంగా కదిలే కాళ్లు వంకర్లు తిరుగుతాయి.

ఒక చేదు సంగతి కూడా రాయాలి. నాలుగో ఏడు అనుకుంటా, కాస్త పేరొచ్చిందని తల పొగరు. ఊరి బయట ఒక ఫార్మ్‌హౌస్‌లో పని దొరికింది. మూడేళ్ల మగ గుర్రం. మొహం మీద వెలుగు చాలలేదని, మడతపెట్టిన వెండి రిఫ్లెక్టర్ సంచిలోంచి తీశాను. అది ఎలా తెరుచుకుంటుందో మీకు తెలుసు, ఫట్‌మని. గుర్రం రెండు కాళ్ల మీద లేచింది. తాడు పట్టుకున్న సైసు (గుర్రాన్ని చూసుకునే) కుర్రాడు వదల్లేదు, వదిలితే రోడ్డు మీదికి పోతుందని. భుజం కీలు తప్పింది. ఆస్పత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను, అదేం గొప్ప కాదు. ఆరు వారాలు అతనికి పని లేదు. తప్పు పూర్తిగా నాది. అంతకుముందు రోజు గుర్రానికి ఆ రిఫ్లెక్టర్ చూపించి, వాసన చూడనిచ్చి, దూరంగా నెమ్మదిగా విప్పి ఉంటే అయిపోయేది. ఇప్పటికీ నా దగ్గర రిఫ్లెక్టర్ లేదు. అవసరమైతే తెల్ల పంచె దండెం మీద ఆరేసినట్టు వేలాడదీస్తాను. అది కూడా గాలి లేనప్పుడే.

శుభ్రత విషయం కూడా పట్టించుకోండి. ఒక లాయం నుంచి ఇంకో లాయానికి అదే బూట్లతో, అదే చేతులతో పోవద్దు. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాల నుంచి మనుషులకు కూడా వస్తుంది. ముక్కు కారుతున్న గుర్రం దగ్గర ముచ్చట్లు పెట్టుకోకుండా ముందు యజమానికి చెప్పండి.

గుర్రాలు ఎక్కడ దొరుకుతాయని రాశారు, మీది చిన్న ఊరని. పెళ్లి గుర్రం లేని ఊరు లేదు, అక్కడ మొదలుపెట్టండి. విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని తిప్పే గుర్రాలున్నాయి, పొద్దున్నే ఆరింటికి వెళ్తే జనం ఉండరు, సముద్రం వెలుగు ఉంటుంది. పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీ కొండల్లో రోడ్డు లేని ఊళ్లకు మూటలు మోసే పొట్టి గుర్రాలు ఉన్నాయి, సంత రోజున కనిపిస్తాయి. మలక్‌పేట రేసుకోర్సులో పందెం రోజు కంటే తెల్లవారుజామున జరిగే ట్రాక్ వర్క్ (గుర్రాల సాధన) మేలు. మంచు, చెమట ఆవిరి, కంబళ్లు, అన్నీ అప్పుడే. కాని క్లబ్బు అనుమతి, ట్రైనర్ అనుమతి రెండూ రాతలో తీసుకోకుండా గేటు దాటాలని చూడొద్దు. మార్వాడీ గుర్రాలు కావాలంటే మహారాష్ట్ర నందుర్‌బార్ జిల్లా సారంగ్‌ఖేడాలో, తాపీ ఒడ్డున, దత్త జయంతికి జరిగే జాతరకు వెళ్లండి. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి, వెనక నుంచి వెలుగు పెట్టి ఆ చెవులే ఒక ఫొటో చేయొచ్చు. అంత దూరం వద్దనుకుంటే నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతరకు నిజామాబాద్ మీదుగా పోవచ్చు.

జాతర్లలో ఒకటి గమనించండి. గుర్రాన్ని వెనక కాళ్ల మీద లేపి నాట్యం చేయిస్తారు, మన ఫొటోగ్రాఫర్లంతా అక్కడే మూగుతారు. నేను తీయను. నోటి దగ్గర చూడండి. ముళ్లున్న కళ్లెం వాడటం 1965 నాటి జంతు హింస నివారణ నిబంధనల్లోనే నిషేధం, అయినా ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. నోటి చివర పుండు ఉంటే ఎడిటింగ్‌లో చెరిపేసి "ఫైన్ ఆర్ట్" అనకండి. ఆ ఫొటో ఉంచుకోండి, లేదా తీయడం మానండి. మధ్యేమార్గం లేదని నా అభిప్రాయం. దీనిమీద నాతో గొడవపడిన స్నేహితులు ఉన్నారు.

డబ్బు విషయం. నాకు మొదటి ప్రింటు అమ్ముడైంది ఆరో ఏట, 4,000 రూపాయలకు. ఫ్రేముకే 2,600 అయింది. ఇప్పటికీ నా సంపాదనలో ఎక్కువ భాగం గుర్రాలు పెంచుకునేవాళ్లు తమ గుర్రాల ఫొటోలు తీయించుకోవడం వల్లే వస్తుంది, గ్యాలరీల వల్ల కాదు. ప్రింట్లు అమ్మాలనుకుంటే ఈ లెక్క తెలుసుకోండి. మీ 24 మెగాపిక్సెల్ ఫైలు అంటే 6000 బై 4000. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 బై 13 అంగుళాలు, 200 లెక్కన 30 బై 20. గోడకు వేలాడే ఫొటోను ఆరడుగుల దూరం నుంచి చూస్తారు కాబట్టి 200 చాలు. అంతకు మించిన కెమెరా అవసరం మీకు లేదు. కాని క్రాప్ చేస్తూ, అంటే అంచులు కత్తిరిస్తూ పోతే ఈ లెక్క కరిగిపోతుంది. కాటన్ కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో ప్రింటు వేయించండి, నల్లని నేపథ్యాలకు మెరుపు లేని కాగితమే నయం. మెరిసే కాగితంలో చూసేవాడికి గుర్రం బదులు తన మొహమే కనిపిస్తుంది. ఒక ఫొటోకి పది ప్రింట్లే అని చెబితే పదకొండోది వేయకండి. ఈ రంగంలో మాట ఒక్కసారి పోతే మళ్లీ రాదు. వీలైతే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో జరిగే ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కు వెళ్లి, పెద్ద ప్రింటు ముందు నిలబడటం ఎలా ఉంటుందో చూడండి. ఫోన్‌లో చూసి ప్రింటు నేర్చుకోలేం.

ఇక మీ మూడో ఫొటో. మీరు దాని గురించి ఏమీ అడగలేదు, "ఇది ఊరికే" అని రాశారు. మూడింటిలో అదే బాగుంది. గుర్రం తల కిందికి వంచింది, కన్ను సగం మూసింది, పక్క నుంచి వెలుగు. ఫ్రేమ్ ఎడమ అంచున కళ్లెం మీద నాలుగు వేళ్ల కొసలు కనిపిస్తున్నాయి. ఎవరిదో చెయ్యి. మీరు క్రాప్ చేసేశారు, ఆ వేళ్లు పూర్తిగా పోక మిగిలాయి.

నేనూ పదేళ్లు అలాగే క్రాప్ చేశాను, ఆ విదేశీ ఫొటోల్లో మనిషి ఉండడు కదా అని. తాళ్లు చెరిపాను, చేతులు చెరిపాను, మా చాచా చెప్పుల కాళ్లు చెరిపాను. తర్వాత ఒకసారి హంపి వెళ్లాను, ఫొటోలకు కాదు, ఇంట్లోవాళ్లతో. మహానవమి దిబ్బ రాళ్ల మీద గుర్రాలను నడిపించుకొస్తున్న వర్తకుల శిల్పాలున్నాయి. అరేబియా, పర్షియాల నుంచి విజయనగరానికి గుర్రాలు తెచ్చేవాళ్లు. హజార రామాలయం బయటి గోడ మీద వరుసలు వరుసలుగా గుర్రాలు, పక్కన వాటిని పట్టుకుని నడిచే మనుషులు. ఒక్కొక్క మనిషి చెయ్యి గుర్రం మెడ దగ్గర ఎలా ఉందో చెక్కినవాడు చూసుకుని చెక్కాడు. స్టబ్స్ వేసిన ఖాళీ నేపథ్యం గొప్పదే, దాన్ని నేను కాదనను. కాని మన దగ్గర గుర్రం ఒంటరిగా ఉండదు. రాత్రి దాని పక్కనే నులక మంచం వేసుకుని పడుకునే మనిషి ఉంటాడు. పాతబస్తీ ఇరుకు లాయంలో నాకు కనిపించిన గుర్రం ఆ మనిషితో కలిసే కనిపించింది. ఇంటికి రాగానే పాత హార్డ్ డిస్కులు తీసి చూసుకుంటే చాచా చెయ్యి ఉన్న ఒరిజినల్ ఫైళ్లు మూడే మిగిలాయి. మిగతావి క్రాప్ చేసి సేవ్ చేసేశాను, అసలువి ఉంచలేదు. అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది.

ఆ మూడో ఫొటో ఒరిజినల్ మీ దగ్గరుంటే డిలీట్ చేయకండి. క్రాప్ చేయనిది ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. ఆ చెయ్యి ఎవరిదో కూడా కనుక్కుని రాయండి.